పేరు, ఊరు, వ్యతిరేకం

నేను కొన్న మొదటి డర్ట్ బైక్ సెకండ్ హ్యాండ్‌ది. 2006 మోడల్ యమహా. అమ్మినతను మంచివాడే అనిపించింది, అడక్కుండానే పాత హెల్మెట్ కూడా చేతిలో పెట్టాడు. మర్నాడు ఆఫీసులో నాకంటే ముందే ఈ పిచ్చి పట్టిన గుంటూరు కుర్రాడొకడు మా గ్యారేజీకి వచ్చాడు. హ్యాండిల్ కింద బండి మెడ మీద చెక్కిన నంబరుకు ఫోన్ లైటు వేసి, వేలితో ఒక్కో అక్షరం లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఎనిమిదో చోట ‘సి’ ఉంది. "అయిపోయావన్నా, రెడ్ స్టిక్కర్" అన్నాడు.

కాలిఫోర్నియాలో రోడ్డెక్కని బండికి నంబర్ ప్లేటు ఉండదు, స్టిక్కరు ఉంటుంది. పొగ నిబంధనలకు సరిపోయే బండికి ఆకుపచ్చది ఇస్తారు, ఏడాది పొడవునా తిప్పుకోవచ్చు. సరిపోని పోటీల బండికి అప్పట్లో ఎర్రది ఇచ్చేవాళ్లు. నంబరులో ఎనిమిదో అక్షరం 3 గానీ సి గానీ అయితే ఎర్రదని లెక్క. గాలి పాడయ్యే ఎండాకాలంలో చాలా పార్కుల్లో ఎర్ర స్టిక్కరు బండిని ట్రక్కులోంచి దించనిచ్చేవాళ్లు కాదు. నేను కొన్నది మే నెలలో. అక్టోబర్ దాకా దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నాను. 2022 మోడల్ నుంచి ఆ ఎర్ర స్టిక్కర్ల పద్ధతే తీసేశారు లెండి.

నిబంధనలంటే నాకు మొదట్నుంచీ ప్రేమ కారిపోయిందని ఎవరూ అనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను. అయినా 2017లో, ఆ స్టిక్కర్లనూ పార్కు రేంజర్లనూ పుట్టించిన, ఇలాంటి బండ్లకు చోటు చూపించే రాష్ట్ర కార్యక్రమాన్నే కాపాడమని రెండుసార్లు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వెళ్లి శాసనసభ కమిటీ మైకు ముందు నిలబడ్డాను. ఒక్కోసారి నాకు దొరికింది పది సెకన్లు.

మాది తాడిపత్రి. బుగ్గ రామలింగేశ్వర గుడి వెనక పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లుండవు, ఇసుకే. మా నాన్న రాజదూత్ తాళం దొంగిలించి ఆ ఇసుకలో తిప్పడమే నా ఇంటర్ చదువు. ఇసుకలో బండి ముందు చక్రం మన మాట వినదు. బిగపట్టి తిప్పితే పడేస్తుంది, చేతులు వదులు చేసి గ్యాస్ ఇస్తే అదే దారి చూసుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలో ట్రేసీ అనే ఊళ్లో ఇల్లు తీసుకుంటే, అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో కోరల్ హాలో రోడ్డు మీద కార్నెగీ కనబడింది. వందేళ్ల కిందట ఇటుకల ఫ్యాక్టరీ ఊరట అది. ఇప్పుడు రాష్ట్రం నడిపే బండ్ల పార్కు. రోడ్డుకు అటు పక్క లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు పేలుడు పదార్థాలు పరీక్షించుకునే స్థలం, ఇటు పక్క మేము. పార్కులు పెట్టడానికి ఇంతకంటే తగిన పొరుగు దొరకదు.

అప్పట్లో గేటు దగ్గర ఐదు డాలర్లు కట్టి లోపలికి వెళ్తే చిన్న పిల్లలకు వేరే ట్రాక్, పెద్దవాళ్లకు కొండలు. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. వాడికో 50 సీసీ హోండా. వాడు మొదటిసారి పడ్డప్పుడు నేను పరిగెత్తేలోపే అక్కడున్న రేంజర్ బండిని లేపి, వీడి మోచేతి ప్యాడ్ తిరగేసి ఉందని సరిచేసి, "మళ్లీ ఎక్కు" అన్నాడు. ఇంకోసారి అదే రేంజర్ నా సైలెన్సరుకు ఇరవై అంగుళాల దూరంలో చప్పుడు కొలిచే మీటరు పెట్టి 96 డెసిబెల్స్ దాటలేదని చూసి పంపాడు. గట్టి వాన పడిందంటే కొండ మూసేస్తారు. తడి మట్టి మీద చక్రాలు చాళ్లు తీస్తాయి, ఆ చాళ్లలో పారిన నీళ్లు కొండను కోసేస్తాయి. మీరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే, గేటు దగ్గరే ‘క్లోజ్డ్’ అని బోర్డు. మొదట్లో తిట్టుకునేవాణ్ని.

2017 మొదట్లో ఒక ఆదివారం ఆ గేటు దగ్గర గడ్డమంతా తెల్లబడిన ఒకాయన కారు కారుకూ కరపత్రం పంచుతున్నాడు. ఈ కార్యక్రమం చట్టానికి ఏడాది చివరితో గడువు తీరిపోతోందట. 2018 జనవరి 1 లోపు శాసనసభ పొడిగించకపోతే అంతే. పొడిగించడానికి ఒక బిల్లు వచ్చిందిగానీ దానికి కొర్రీలు చాలా ఉన్నాయని, వాటితో పార్కులు మూతపడతాయని భయమన్నాడు. ఎస్‌బీ 249, అంటే రాష్ట్ర సెనేట్‌లో పెట్టిన బిల్లు, శాంటా మోనికా వైపు సెనేటర్ బెన్ ఆలెన్‌ది. "నీ పిల్లాడు వచ్చే ఏడాది కూడా ఇక్కడ తిరగాలంటే ఉత్తరం రాయి" అన్నాడు.

చట్టానికి గడువు ఉంటుందన్న సంగతే నాకు కొత్త. ఇంటికి వెళ్లి చదివాను. 1971లో చాపీ, జెబెర్గ్ అని ఇద్దరు అసెంబ్లీ సభ్యులు కలిసి తెచ్చిన చట్టం అది. చాపీ రిపబ్లికన్, బండ్ల వాళ్ల మనిషి. జెబెర్గ్ డెమొక్రాట్, చెట్లూ చేమల మనిషి. ఇద్దరికీ పొసగదనుకుంటాం, కానీ లెక్క ఇద్దరికీ ఒకటే తేలింది. జనం బండ్లు కొనడం ఆగదు. చోటు చూపించకపోతే దొరికిన కొండల్లా ఎక్కుతారు. కాబట్టి చోటు చూపించు, కాపలా పెట్టు, ఖర్చు వాళ్ల జేబులోంచే లాగు. స్టిక్కరుకు రెండేళ్లకు కట్టేది (అప్పట్లో 52 డాలర్లు), గేటు దగ్గర కట్టేది, ఇంకా రోడ్డు కాని చోట కాలే పెట్రోలు మీద మేం కట్టే పన్నులో వాటా, అన్నీ కలిసి ఒక ట్రస్ట్ ఫండ్‌లో పడతాయి. పార్కులు దాంతోనే నడుస్తాయి. పాడైన కొండను బాగుచేసే పనికీ, జిల్లా షెరీఫులు అడవుల్లో గస్తీ తిరగడానికీ గ్రాంట్లు అందులోంచే. అంటే మేం తొక్కిన నేలకు గడ్డి వేసేదీ మా డబ్బే.

హైదరాబాద్‌లో పోలీసులు రాత్రిపూట బైకు రేసుల కుర్రాళ్లను పట్టుకుని, అమ్మానాన్నలను స్టేషన్‌కు పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపే వార్త చదివినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. ఆ కుర్రాళ్లకు క్లాసు పీకడమే తప్ప ఒక ఖాళీ జాగా చూపించినవాళ్లు లేరు.

ఉత్తరం రాస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. కారణం ఉంది. మేమప్పుడు హెచ్1బీ మీద ఉన్నాం. ఆ ఫిబ్రవరిలోనే కాన్సాస్‌లోని ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరును బార్‌లో కాల్చి చంపారు. ప్రతి తెలుగు ఇంట్లో టెన్షన్. బయట తెలుగులో గట్టిగా మాట్లాడొద్దని వాట్సాప్ గ్రూపుల్లో సలహాలు తిరుగుతున్న రోజులు. "ఏమండీ, ఇలాంటి టైమ్‌లో గవర్నమెంటు బిల్లుకు వ్యతిరేకమని మీ పేరు, అడ్రసు రాసిస్తారా? అదీ బొమ్మ బైకు కోసమా?" అంది. ఊళ్లో మా నాన్నకు ఫోన్లో చెబితే ఆయన ఇంకో రకంగా, "ఆడికి పోయి గూడ ధర్నాలేనా నాయనా? నువ్వు ఓటున్నోడివా, పాడా?" అన్నాడు. ఆ ఓటు మాటే నన్ను ఎక్కువ గుచ్చింది. ఓటు లేనివాడి కాగితం ఎవరు చదువుతారు?

అయినా రాశాను. కమిటీ విచారణకు వారం ముందే అందాలన్నారు, ఆలస్యమైతే బిల్లు మీద సిబ్బంది తయారుచేసే విశ్లేషణలో లెక్కకు రాదట. రెండు పేజీలు రాసి గుంటూరు కుర్రాడికి చూపిస్తే, "అన్నా, ఇది టెన్త్ క్లాసు వ్యాసం" అన్నాడు. ఒక పేజీకి కుదించాను.

మొదటి విచారణ వసంతంలో, సెనేట్ కమిటీ ముందు. ఆఫీసుకు సెలవు పెట్టి తెల్లవారుజామునే ఐ5 మీద శాక్రమెంటోకు బయల్దేరాను. కాపిటల్ భవనంలోకి వెళ్లడానికి గుర్తింపు కార్డు చూపించక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్‌లోలా బెల్టూ బ్యాగూ స్కానర్లో వేస్తే చాలు. నాకిది ఎంత వింతగా అనిపించిందంటే, లోపలికెళ్లాక కూడా ఎవరో వచ్చి "మీరెవరు, ఎవరి తాలూకు" అని అడుగుతారని చూస్తూనే ఉన్నాను. ఎవరూ అడగలేదు. గవర్నర్ ఆఫీసు బయట కంచు ఎలుగుబంటి బొమ్మ ఉంటే, స్కూలు పిల్లలు దాని ముక్కు తడుముతున్నారు. నేనూ ఒకసారి తడిమాను. మొక్కుకున్నానని మా ఆవిడకు చెప్పలేదు.

వరండా నిండా మావాళ్లే. క్లబ్బుల జెర్సీలు వేసుకున్నవాళ్లు, జీపు క్లబ్బుల ముసలి దంపతులు, ఇసుక దిబ్బల ఊరు ఓషానో నుంచి వచ్చిన దుకాణాల వాళ్లు, చంకలో పసిపిల్లతో ఒకావిడ. నా జేబులో మూడు నిమిషాలకు సరిపడే ప్రసంగం ఉంది. పెన్న ఇసుకతో మొదలై కార్నెగీ రేంజర్‌తో ముగుస్తుంది. కారులో నాలుగుసార్లు చదువుకున్నాను.

తీరా లోపల సంగతి వేరు. బిల్లు పెట్టిన సెనేటర్ మాట్లాడతారు. సమర్థించేవాళ్లలో ఇద్దరు, వ్యతిరేకించేవాళ్లలో ఇద్దరు మాత్రమే వివరంగా చెప్పాలి, వాళ్లకైనా కొద్ది నిమిషాలే. మిగతా అందరూ వరసలో వచ్చి పేరు, ఎక్కణ్నుంచి, సమర్థనా వ్యతిరేకమా, ఈ మూడే చెప్పి కదలాలి. నాలుగో మాట ఎత్తినవాళ్లను అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లు మర్యాదగానే కట్ చేస్తున్నారు. నా ముందున్నాయన "మా తాతగారి కాలం నుంచి..." అన్నాడంతే, "థాంక్యూ సర్, నెక్స్ట్".

నా వంతు వచ్చింది. మన ఇంటిపేరు, మన పేరు పూర్తిగా చెబితేనే ఆ పది సెకన్లలో ఆరు పోయాయి. "ట్రేసీ నుంచి. వ్యతిరేకిస్తున్నాను" అని మాత్రం అన్నాను. జేబులోని ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. తలెత్తి చూస్తే ఒక సభ్యురాలు ఫోన్ చూసుకుంటోంది, ఒకాయన కుర్చీ ఖాళీ. కిందటి రాత్రి నిద్ర పట్టనిది దీనికోసమా అనిపించింది. కానీ వరసలో నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు. అందరూ అదే మూడు మాటలు. వింటూ నిలబడితే ఊళ్ల పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, హోలిస్టర్, గోర్మన్, పిస్మో బీచ్, ఓరోవిల్. సంతకాల కాగితం కంటే ఆ వరస బరువుగా ఉంది. కాళ్లు నొప్పి పుట్టేవరకూ కూర్చోకుండా విన్నాను. మావాళ్లు ఎంతమంది చెప్పినా ఆ బిల్లు ఆ తర్వాత సెనేట్ దాటింది. ఇక మిగిలింది అసెంబ్లీ.

బయట మంచినీళ్ల కొళాయి దగ్గర ఒక పెద్దావిడ నన్ను పలకరించింది. "ట్రేసీ అన్నావు కదా, నేను మీ పక్కనే, కోరల్ హాలో మీద" అంది. వాళ్లది పశువుల రాంచ్. ఆవిడ అవతలి వరసలో నిలబడి బిల్లును సమర్థించిన మనిషి. నేను కొంచెం బిగుసుకుపోయాను. ఆవిడ మాత్రం తీరిగ్గా, "మీ కొండ మీంచి వానాకాలంలో వాగులోకి ఏం వస్తుందో ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. చూడలేదు. వానొస్తే గేటు మూసేస్తారు కదా, నేనెందుకు చూస్తాను? ఆవిడ ఫోన్లో ఫొటో చూపించింది. వాగు నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. మా పార్కు వైపు గట్టు మీద కంచె ఒకచోట వంగి ఉంది, దాని పక్కన చక్రాల జాడ. మావాడెవడో మూసిన వైపు దూరాడు.

అబద్ధమాడటం ఎందుకు, మాలో అలాంటివాళ్లు ఉన్నారు. సైలెన్సర్ లోపలి గుడ్డ పీకేసి ఊరంతా వినబడేలా తిప్పేవాళ్లు, "ఇది నా హక్కు" అని కంచెలు దాటేవాళ్లు. ఆ రోజు వరండాలో కూడా ఒకతను పర్యావరణ సంఘాల అమ్మాయిని చూసి వెకిలిగా ఏదో అంటే, జీపు క్లబ్బు ముసలాయనే వాణ్ని పక్కకు లాక్కెళ్లాడు. ఇలాంటి ఒక్కడు మా వంద ఉత్తరాలను చెత్తబుట్టలో వేయిస్తాడు.

ఆ తర్వాత మా నియోజకవర్గం సభ్యుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడిగాను. ఫోన్ తీసినమ్మాయి ముందు అడిగింది జిప్ కోడ్. చెప్పాను. సిటిజనా, ఓటుందా అని అడుగుతుందని గుండె దడదడలాడుతుంటే, "మంగళవారం పదిన్నరకు రాగలరా?" అంది. అంతే. మా నాన్నకు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను, "ఓటడగలా నాయనా, పిన్‌కోడే అడిగిరి" అని.

మంగళవారం కలిసింది సభ్యులను కాదు, వాళ్ల దగ్గర బిల్లులు చూసే కుర్రాణ్ని. ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు, ముందు పసుపు రంగు నోట్‌ప్యాడ్. పదిహేను నిమిషాలు టైమ్. నేను ఫొటోలు పట్టుకెళ్లాను. కార్నెగీలో మూసేసి గడ్డి పరిచి, కంచె కట్టి, మళ్లీ మొలిపించిన వాలు, అంతకుముందు, ఆ తర్వాత. "ఈ మరమ్మతు మా స్టిక్కర్ల డబ్బుతో జరిగింది. పార్కు మూసేస్తే బండ్లు మాయం కావు, స్టిక్కర్లు మాయమవుతాయి" అన్నాను. ఈ వాక్యం బాగా కుదిరిందని లోలోపల మురిసిపోతున్నాను.

ఆ కుర్రాడు అంతా రాసుకుని, పెన్ను ఆపి, "సరే, బిల్లులో ఏ లైను మార్చమంటారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వ్యతిరేకమని ఉత్తరం రాశాను, సెలవు పెట్టి వచ్చి వ్యతిరేకమని చెప్పాను, ఫొటోలు పట్టుకొచ్చాను, బిల్లును మాత్రం మొదటి రెండు పేజీలకు మించి చదవలేదు. కరపత్రం చదివి బిల్లు చదివినట్టే అనుకున్నాను. పొద్దున లేస్తే పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టే ఉద్యోగం నాది. ఎవడైనా టెస్టర్ వచ్చి "ఈ ప్రోగ్రాం బాగాలేదు" అని మాత్రం రాస్తే నేనేమంటాను? ఏ లైను అనే కదా.

ఆ వారాంతం బండి తీయలేదు. కాలిఫోర్నియా బిల్లులను ఆన్‌లైన్‌లో చూస్తే, కొత్తగా చేర్చినవి నీలం వాలు అక్షరాల్లో, తీసేసినవి ఎర్ర గీత కొట్టి కనిపిస్తాయి. అచ్చం మేం రోజూ కోడ్‌లో పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన పెట్టి చూసినట్టే. గుంటూరు కుర్రాడు, నేను పెసరట్లు తింటూ డైనింగ్ టేబుల్ మీద ప్రింట్లు పరిచాం. మా ఆవిడ ఆ గోలకు మొదట విసుక్కుని, కాసేపటికి తనే ఎదురు కూర్చుని "ఇక్కడ ‘షల్’ అని ఉంది, కింద ‘మే’ అని ఉంది, రెంటికీ తేడా లేదా?" అంది. తేడా అంతా అక్కడే ఉంది. ‘షల్’ అంటే శాఖ చేసి తీరాలి, ‘మే’ అంటే దాని ఇష్టం. తను బ్యాంకులో లోన్ కాగితాలు చూసిన మనిషి, ఇలాంటివి ఆవిడ కంటికే ముందు తగులుతాయి.

చదువుతుంటే నన్ను ఆశ్చర్యపరిచింది బిల్లు కాదు, అప్పటికే ఉన్న పాత చట్టం. ఏ పార్కులోనైనా మట్టి రక్షణ ప్రమాణాలకు లోబడని భాగం ఉంటే, ఆ భాగాన్ని తాత్కాలికంగా మూసి, బాగుచేసి, ప్రమాణాలకు వచ్చేదాకా తెరవకూడదని అందులో ముందునుంచే ఉంది. నేను గేటు దగ్గర తిట్టుకున్న బోర్డు వెనక ఉన్నది ఇలాంటి ఆలోచనే. రాంచ్ ఆవిడ చూపించిన డికాషన్ నీళ్లకు మందు చట్టంలో ఉంది, దాన్ని సరిగ్గా వాడేవాళ్లు, కొలిచేవాళ్లు కావాలి. మాకు కావాల్సింది కూడా తేలింది. మూయండి, కానీ కొలిచి మూయండి, ఎందుకు మూశారో చెప్పండి, బాగుచేసే డబ్బు మా ఫండ్‌లోంచి తీయండి, అయ్యాక తెరవండి. ‘తాత్కాలికంగా’ అన్న ఆ ఒక్క మాట చట్టంలోంచి జారిపోకూడదు.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. సమర్థన, వ్యతిరేకం అని రెండే పెట్టెలు లేవు. ‘సవరిస్తే తప్ప వ్యతిరేకం’ అని మూడోది ఉంది. మొదట్లో నాకది గోడ మీది పిల్లి వాటంలా అనిపించింది. కానీ అందులో వేరే మర్మం ఉంది. ఉత్త ‘వ్యతిరేకం’ అన్నవాడితో బిల్లు రాసేవాళ్లకు మాట్లాడే పనుండదు. ఎలాగూ ఒప్పుకోడు కదా అని పక్కన పెట్టేస్తారు. ‘సవరిస్తే తప్ప’ అన్నవాణ్ని మాత్రం "ఏం సవరించాలి" అని అడగాల్సి వస్తుంది. మా కొత్త ఉత్తరంలో మూడు అంశాలు, ఒక్కోదానికీ పేజీ, లైను. మొత్తం ముప్పావు పేజీ. పెన్న ఇసుక లేదు, రాజదూత్ లేదు. ఆ కుర్రాడికి పంపితే ఒక్క లైను జవాబు వచ్చింది: "ఇది పనికొస్తుంది."

నా ఉత్తరం వల్లే ఏదో జరిగిపోయిందని చెప్పుకోను. మోటార్‌సైకిల్ సంఘాలు, జీపు సంఘాల తరఫున రోజూ అక్కడే ఉండే మనుషులున్నారు, అవతల పర్యావరణ సంఘాలకూ ఉన్నారు. అసలు బేరం వాళ్ల మధ్య జరిగింది. ఆ వేసవిలో బిల్లు ఎన్నిసార్లు మారిందో, మారినప్పుడల్లా మేం ప్రింటు తీసుకుని నీలం, ఎరుపు చూసుకునేవాళ్లం. అసెంబ్లీ కమిటీలో రెండో విచారణకు మా వాణ్ని కూడా తీసుకెళ్లాను, స్కూలు సెలవులు కదా. మైకు వాడి ఎత్తుకు అందలేదు. కాపలా సార్జెంటు వచ్చి దాన్ని కిందికి వంచాడు. వీడు పేరు చెప్పి, "ట్రేసీ, కార్నెగీ" అని, సమర్థనో వ్యతిరేకమో చెప్పకుండా నావైపు చూశాడు. సభ్యులు నవ్వారు. ఈసారి అందరూ తలెత్తే ఉన్నారు. నేను "సవరిస్తే తప్ప వ్యతిరేకం, ఇద్దరికీ" అన్నాను.

రాంచ్ ఆవిడ ఆ రోజు కూడా వచ్చింది. వాడికి ఒక పీచ్ పండు ఇచ్చింది, వాళ్ల తోటదట. మా కొత్త ఉత్తరం కాపీ అడిగి తీసుకుంది. చదివి, "రెండోది నేను కూడా సంతకం పెడతాను, మొదటిది పెట్టను" అంది. రెండోది, వాన తర్వాత వాగు నీటిని కొలిచి ఆ లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టాలన్నది. మొదటిది ఏదో మీకు తెలుసు, ఆ ‘తాత్కాలికంగా’ అన్న మాట.

అక్టోబర్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టాడు. చివరి రూపంలో పర్యావరణ షరతులు మునుపటికంటే గట్టిగానే ఉన్నాయి. మట్టి ప్రమాణాలను శాఖ తిరగరాయాలి, మొక్కలు, జంతువుల మీద నిఘా పెరగాలి. కానీ గడువు అన్నది పూర్తిగా పోయింది. కొన్నేళ్లకోసారి చావుబతుకుల మీద పొడిగించుకునే కార్యక్రమం శాశ్వతమైంది. తీవ్రంగా పోట్లాడిన మా సంఘాలు కూడా చివరికి ఆ రూపాన్ని ఒప్పుకున్నాయి. మూయించడానికే వచ్చిందని మేం భయపడిన బిల్లే మా పార్కులకు శాశ్వత పట్టా ఇచ్చింది. రెండో విచారణ నాటికే ఆ మలుపు మొదలైందో, అంతకుముందే ఎవరి గదిలోనో తేలిపోయిందో, వరసలో నిలబడ్డ నాకు కనబడలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ కార్నెగీ పక్కనే టెస్లా అని ఉంది. కారు కాదు, నికోలా టెస్లా పేరు మీద పాత బొగ్గుగనుల ఊరు. అక్కడ దాదాపు 3,100 ఎకరాలు 1990ల్లోనే మా ట్రస్ట్ ఫండ్ డబ్బుతో కొన్నారు, కార్నెగీని పెంచడానికి. ఇరవై ఏళ్లకు పైగా నివేదికలు, కోర్టు కేసులు, పక్క ఊళ్ల అభ్యంతరాలు, ఒక్క బండి చక్రం అందులో తిరగలేదు. 2021 సెప్టెంబర్‌లో ఆ భూమిని బండ్లు లేని పార్కుగా మార్చేశారు. ఎస్‌బీ 155. బడ్జెట్‌కు తోకగా, సమావేశాల చివరి రోజుల్లో వచ్చింది. మా ఫండ్‌కు దాదాపు మూడు కోట్ల డాలర్లు తిరిగిచ్చి, వేరే చోటు చూసుకోమన్నారు.

ఈసారి బిల్లు ప్రింటు తీసుకుని నీలం అక్షరాలు చూసేసరికే ఓటింగ్ దగ్గరపడింది. సెలవు పెట్టి వెళ్లి వరసలో నిలబడటానికి నాకు వ్యవధే చిక్కలేదు. 2017లో ఆ పది సెకన్ల మైకును ఎంత వెక్కిరించుకున్నానో గుర్తొచ్చింది. ఆ భూమి అలాగే ఉండటం మంచిదేనని నాకూ లోపల అనిపిస్తుంది. ఆ లోయలో వసంతంలో పూలు పూస్తే చూడాలి. గొడవంతా అది కాదు. అలా ఇష్టమనో కష్టమనో చెప్పి రావడానికి ఒక మంగళవారం దొరకలేదు, అంతే.

రాంచ్ ఆవిడ మెసేజ్ పెట్టింది. "మేం గెలిచాం. నీకు బాధగా ఉంటుందని తెలుసు." దానికి ఏం రాయాలో తోచక, ఈ ఏడు వాగు నీళ్లు ఎలా ఉన్నాయని అడిగాను. ఫొటో పంపింది. ఆ ఏడాది వానల్లేక వాగే ఎండిపోయి ఉంది. చూడటానికి అచ్చం మా పెన్నలా ఉంది.

మా వాడికిప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది, బైకు మీద మోజు పోయింది. 50 సీసీ హోండా గ్యారేజీలో బియ్యం బస్తా పక్కన ఉంది, టైర్లలో గాలి లేదు. కిందటి నెల దాని ఆకుపచ్చ స్టిక్కరు రెన్యువల్ కాగితం వస్తే మా ఆవిడ తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ఎవరూ తొక్కని బండికి ఇంకా కడతారా?" అంది. అని, నేను ఏదో చెప్పేలోపే చెక్కుబుక్కు కూడా తనే తెచ్చింది.